ఎవరిని చంపాలి, ఎవరిని వదలాలి

కొత్త రసాయనాల తయారీ మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చే సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే చివర్లో దాదాపు ప్రతిసారీ రెండు పట్టికలు ఎదురవుతాయి. ఒకదాంట్లో బ్యాక్టీరియాల పేర్లు, పక్కన మిల్లీమీటర్లు. రెండోదాంట్లో కేన్సర్ కణాల పేర్లు, పక్కన మైక్రోమోలార్లు. విశాఖపట్నం, వరంగల్, తిరుపతి, కలబురగి, ఎక్కడ రాసిన గ్రంథమైనా ఇదే వరస. కుశనూర్ లాంటి ఊళ్ల నుంచి ఈ చదువుకు వచ్చే పిల్లలు చాలామందే ఉంటారు. బీదర్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరది. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఇవాళ బీదర్ పక్కనే కొల్హార్ పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారవుతుంది. అక్కణ్ణుంచి జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా హైదరాబాద్ దాకా ఆ దారి పొడవునా మందుల కర్మాగారాలే. కెమిస్ట్రీ చదివితే పని దొరుకుతుందన్న నమ్మకం ఈ ప్రాంతంలో ఊరికే రాలేదు.

ఆ పిల్లలు తయారుచేసే పదార్థాలు సాధారణంగా షిఫ్ బేస్‌లు, ఛాల్కోన్లు, ఇండోల్, థయజోల్, కౌమరిన్ల బాపతు. ఛాల్కోన్ సంగతే చూడండి. ఒక ఆల్డిహైడ్, ఒక కీటోన్, కాస్త ఆల్కహాల్, కాస్త క్షారం వేసి కలియబెడుతూ ఉంచితే కొన్ని గంటల్లో పసుపుపచ్చని ముద్ద కడుతుంది. వడగట్టి, నీళ్లతో కడిగి, వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లార్చితే సూదుల్లాంటి స్ఫటికాలు దిగుతాయి. టీఎల్‌సీ పలక మీద ఒక్క చుక్కే కనిపిస్తే సరుకు శుభ్రంగా ఉన్నట్టు లెక్క. ద్రవీభవన స్థానం చూసి, ఎన్ఎంఆర్‌కి పంపి, అనుకున్న అణువే వచ్చిందని రూఢి చేసుకున్నాక మిగిలే ప్రశ్న ఒకటే: ఇది దేనికి పనికొస్తుంది? అప్పుడు మొదలవుతాయి ఆ రెండు పరీక్షలు.

పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బ్యాక్టీరియాకీ, రొమ్ము కేన్సర్ కణానికీ ఏమిటి సంబంధం? ఒకే సీసాలోని పొడిని రెండింటి మీదా ఎందుకు చల్లి చూస్తారు? ఇదేదో అలవాటుగా జరిగిపోతున్న తంతు అని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. అయినా ఈ జంట వెనక గట్టి చరిత్ర ఉంది, అందులో భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడికి పెద్ద భాగం ఉంది. ముందు పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం.

ముల్లర్ హింటన్ అగర్ అనే పోషక పదార్థాన్ని కరిగించి పెట్రీ పళ్లెంలో నాలుగు మిల్లీమీటర్ల మందాన పోసి గడ్డకట్టనిస్తారు. బ్యాక్టీరియాను ఉప్పునీటిలో కలిపి, ఆ మసక ఒక నిర్ణీత ప్రమాణానికి సరిపోయేదాకా సర్దుతారు. మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల బ్యాక్టీరియాలన్నమాట. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి, అగర్ మీద మూడు దిక్కులుగా సమంగా పూస్తారు. ఆరు మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలకు రసాయనం పట్టించి అక్కడక్కడ అతికిస్తారు, లేదా అగర్‌లోనే చిన్న గుంటలు చేసి ద్రావణం పోస్తారు. ఒక గుంటలో ద్రావణిగా వాడిన డీఎంఎస్ఓ మాత్రమే ఉంటుంది, చంపేది ద్రావణి కాదని తేల్చడానికి. ఇంకో గుంటలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి నికరమైన మందు, పోల్చి చూడటానికి. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి పళ్లెం నిండా పాలపొర కమ్ముకుంటుంది. మందు పనిచేసిన చోట ఆ పొర లేకుండా గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. దాని అడ్డుకొలతను స్కేలుతో కొలిచి పట్టికలో వేస్తారు.

చూడ్డానికి ఇంత స్పష్టమైన పరీక్ష ఇంకోటి ఉండదు. కానీ ఆ మిల్లీమీటర్లు చెప్పేది మందు బలం ఒక్కటే కాదు. రసాయనం అగర్‌లో, తడి గుడ్డ మీద సిరా చుక్కలా, పాకితేనే ఖాళీ ఏర్పడుతుంది. చిన్నదై, నీళ్లలో బాగా కరిగే అణువు దూరం పోతుంది. జిడ్డుగా ఉండే పెద్ద అణువు గుంట దగ్గరే కూర్చుంటుంది, దాని చంపే శక్తి ఎంత ఉన్నా సరే. అందుకని ఒక రసాయనం 18 మిల్లీమీటర్ల ఖాళీ ఇచ్చింది, ఇంకోటి 14 ఇచ్చింది కాబట్టి మొదటిదే మెరుగని రాయడం తప్పు. ఒకే మందును వేర్వేరు బ్యాక్టీరియాల మీద పోల్చడానికి, ఆసుపత్రిలో రోగికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. కొత్త రసాయనాల మధ్య పందెం పెట్టడానికి దీన్ని వాడకూడదు.

దానికి వేరే కొలత ఉంది. రసాయనాన్ని వరస గుంటల్లో సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, ప్రతి గుంటలో అన్నే బ్యాక్టీరియాలు వేసి, ఏ గాఢత దగ్గర వాటి పెరుగుదల ఆగిపోయిందో చూస్తారు. ఆ కనిష్ఠ గాఢతను ఎంఐసీ అంటారు. ఇక్కడ అంకెలు కఠినంగా మాట్లాడతాయి. ఇ. కోలైలో ప్రపంచమంతా ప్రమాణంగా వాడే ఒక రకం మీద సిప్రోఫ్లాక్సాసిన్ ఎంఐసీ మిల్లీలీటరుకు 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి. మన కొత్త రసాయనాల ఎంఐసీ తరచు 12.5 అనీ, 25 అనీ, 50 అనీ వస్తుంది. అంటే వందల నుంచి వేల రెట్లు బలహీనం. ఆ పక్కనే ‘ప్రామాణిక ఔషధంతో పోల్చదగిన చురుకుదనం’ అన్న వాక్యం చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. విద్యార్థి కష్టపడి తీసిన అంకెను ఆ వాక్యం కప్పేస్తుంది. 25 వచ్చిందంటే అది మందు కాదు గానీ మొదటి మెట్టు కావచ్చు. ఆ అణువులో ఏ కొస మారిస్తే 25 కాస్తా 5 అవుతుందో వెతకడమే ఆ తర్వాతి పని.

పళ్లెం ఇంకో తీరున కూడా మోసం చేస్తుంది. దానికి చరిత్రలో పెద్ద సాక్ష్యం ప్రాంటోసిల్. జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్ పట్టణంలోని బేయర్ ప్రయోగశాలలో జోసెఫ్ క్లారర్, ఫ్రిట్జ్ మీట్ష్ అనే రసాయన శాస్త్రవేత్తలు రంగు పదార్థాలు ఒకదాని తర్వాత ఒకటి తయారుచేస్తుంటే, గెర్హార్డ్ డొమాక్ వాటిని పరీక్షించేవాడు. 1932 డిసెంబరులో ఒక ఎర్రరంగును ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించిన ఎలుకలకు ఇచ్చాడు. ఎలుకలు బతికాయి. అదే రంగును గాజు గొట్టంలో బ్యాక్టీరియా మీద పోస్తే దానికి ఏమీ కాలేదు! డొమాక్ గాజు గొట్టం మాటనే నమ్ముకుని ఉంటే ఆ రంగు చెత్తబుట్టలోకి పోయేది. 1935లో ఆయన ఫలితాలు బయటపెట్టాక, ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థవాళ్లు అదే ఏడాది గుట్టు విప్పారు. ఒంట్లోకి వెళ్లాక ఆ ఎర్రరంగు రెండుగా విరిగిపోతుంది. అందులో రంగులేని ముక్క సల్ఫనిలమైడ్. బ్యాక్టీరియాను నిలవరించేది అదే. సల్ఫా మందుల కాలం అలా మొదలైంది.

సల్ఫా మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు 1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్ జవాబు పట్టుకున్నాడు. ఈస్ట్ సారం కలిపితే సల్ఫా మందు పనిచేయడం మానేస్తోందని గమనించి, ఆ సారంలో ఉన్నది పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం అని తేల్చాడు. సల్ఫనిలమైడ్ ఆకారంలో అచ్చం దానిలాగే ఉంటుంది. బ్యాక్టీరియా దీన్ని అదనుకుని పట్టుకుని, తనకు అత్యవసరమైన దేన్నో తయారుచేసుకోలేక ఆగిపోతుంది. ఏమిటా అత్యవసరమైన వస్తువు? అప్పటికి దానికి సరైన పేరు లేదు. ఫోలిక్ ఆమ్లం అని తర్వాత తెలిసింది.

కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్ఏ రెండింతలు కావాలి. డీఎన్ఏ కట్టడానికి కావలసిన ఇటుకల్లో కొన్నింటిని చేయడానికి ఫోలిక్ ఆమ్లం సాయం తప్పనిసరి. బ్యాక్టీరియాలు చాలావరకు దాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. మనం తయారుచేసుకోలేం, ఆకుకూరల్లోనూ కాలేయంలోనూ పప్పుల్లోనూ దొరికేదాన్ని తింటాం. సల్ఫా మందు కొట్టేది తయారీని. తయారీయే లేని మన కణాన్ని అది ముట్టుకోదు. ఈ కథంతటికీ ఆయువుపట్టు ఇక్కడుంది. మందు గొప్పదనం చంపడంలో లేదు. ఫినాయిలూ చంపుతుంది, బ్లీచింగ్ పొడీ చంపుతుంది. ఒకరిని చంపి, పక్కనున్న మరొకరిని వదిలిపెట్టడంలో ఉంది.

ఆ విటమిన్ జాడ మొదట మన దేశంలోనే బయటపడింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థంతో అది నయమవుతోందని గమనించింది. మార్మైట్‌లో, కాలేయంలో ఉన్న ఆ వస్తువేమిటో తేల్చడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1941లో అమెరికాలో కొందరు టన్నుల కొద్దీ పాలకూర నుంచి దాన్ని కొద్దిగా రాబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దాని నిర్మాణాన్ని పూర్తిగా తేల్చి, ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో అందించినవాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణలో ఆయన చెయ్యి ఉంది. ఆయన జీవితగాథ తెలుగువాళ్లకు కొత్త కాదు గనక నేను దాని జోలికి పోను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆయన అన్నదమ్ములను బలిగొన్న జబ్బు స్ప్రూ. పేగులు పోషకాలను పీల్చుకోలేక మనిషి చిక్కి శల్యమయ్యే వ్యాధి అది. స్ప్రూలో రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మందు. 1940లో లెడర్లీలో చేరాక ఆయన బృందం సాధించిన మొదటి పెద్ద విజయాల్లో ఆ విటమిన్ ఒకటి కావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

దాన్ని ఎలా వెంటాడారన్నది మన పరీక్షల కథకు ముఖ్యం. కాలేయపు సారంలో విటమిన్ ఉన్నది ఏ పాటి? కంటికి కనిపించదు, తూకానికి అందదు. అప్పుడు తరాజుగా పనికొచ్చింది లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియా. ఇది ఫోలిక్ ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేని రకం. మిగతా పోషకాలన్నీ ఉన్న ద్రావణంలో దీన్ని వేసి, పరీక్షించాల్సిన సారం ఒక చుక్క కలుపుతారు. విటమిన్ ఉంటే బ్యాక్టీరియా పెరిగి ద్రావణాన్ని పులియబెడుతుంది. ఆ పులుపును క్షారంతో కొలిస్తే విటమిన్ ఎంత ఉందో తెలిసిపోతుంది. సారాన్ని వడగట్టి, విడగొట్టి, ప్రతి భాగాన్నీ బ్యాక్టీరియాకు రుచి చూపించి, పులుపు ఎక్కడ ఎక్కువైతే ఆ దారిన ముందుకు పోవడం. సంవత్సరాల తరబడి చేశారా పని. 1945, 1946ల్లో ఫోలిక్ ఆమ్లం చేతికొచ్చింది.

వచ్చాక ఏం జరిగింది? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా జోరందుకుంది. ఆ చేదు ఫలితాన్ని దాచకుండా, తిరగేసి చూశాడాయన. విటమిన్ కేన్సర్‌ను పెంచుతోందంటే, విటమిన్‌ను అడ్డుకుంటే కేన్సర్ తగ్గాలి కదా? ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ పని మాత్రం చేయని అణువులు సుబ్బారావు బృందం దగ్గర తయారవుతున్నాయి. వాటిలో ఒకటి అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఆక్సిజన్ తీసి అమైనో గుంపు పెడితే వచ్చేది అది. అంతే తేడా! ఆ చిన్న మార్పుతో అది మన కణంలో ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకలోకి తెచ్చే ఎంజైమ్‌ను కరుచుకుని వదలదు. 1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో తీవ్రంగా జబ్బుపడిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఉంది. అప్పటిదాకా ఆ జబ్బుకు ఏ మందూ పనిచేసిన దాఖలా లేదు. ఆ మెరుగుదల తాత్కాలికమే, కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది. కానీ రసాయనంతో ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని లోకానికి మొదటిసారి తెలిసింది. ఆ ఆగస్టులోనే 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశాడు.

అమైనోప్టెరిన్‌కు ఒక మిథైల్ గుంపు చేర్చితే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దాంతో గర్భాశయంలో పుట్టే కోరియోకార్సినోమాను పూర్తిగా నయం చేయగలిగారు. ఒక గడ్డ కేన్సర్‌ను మందుతో నయం చేయడం అదే మొదలు. ఆ మెథోట్రెక్సేట్ ఇవాళ మన ఊళ్లలో కీళ్లవాతానికి వారానికొకసారి మాత్రగా కూడా వాడుతున్నారు.

ఇప్పుడు రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టండి. సల్ఫా మందు, మెథోట్రెక్సేట్ ఒకే విటమిన్ దారిని రెండు చోట్ల అడ్డగిస్తాయి. వేగంగా చీలే కణానికి, అది సూక్ష్మజీవి అయినా కేన్సర్ అయినా, డీఎన్ఏ సరుకు నిరంతరం కావాలి. అందుకే ఒకే రకం రసాయనాలను రెండింటి మీదా పరీక్షించడంలో అర్థం ఉంది. కానీ వదలడంలో ఎంత తేడా! బ్యాక్టీరియాకూ మనకూ మధ్య పరిణామంలో వందల కోట్ల సంవత్సరాల దూరముంది. తేడా వెతుక్కోవడానికి బోలెడు చోటు. మెథోట్రెక్సేట్ కరుచుకునే ఎంజైమ్ మనకూ బ్యాక్టీరియాకూ రెండింటికీ ఉన్నా, ట్రైమెథోప్రిమ్ అనే అణువు బ్యాక్టీరియా ఎంజైమ్‌ను మన ఎంజైమ్‌కన్నా వేలరెట్లు గట్టిగా పట్టుకుంటుంది. సల్ఫా మందుతో కలిపి దాన్నే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సెప్ట్రాన్ మాత్రగా ఇస్తూ వచ్చారు. కేన్సర్ కణం మాత్రం మన కణమే. ఎంజైములు మనవే, పొర మనదే. మెథోట్రెక్సేట్ దాన్ని కొడితే, ఒంట్లో వేగంగా చీలే మంచి కణాలకూ దెబ్బే: నోటిపూత, విరేచనాలు, తెల్లకణాల క్షీణత. పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు ఒక వ్యవధి తర్వాత ల్యూకోవోరిన్ అనే ఫోలిక్ ఆమ్ల రూపాన్ని ఇచ్చి మంచి కణాలను కాపాడుకోవలసి వస్తుంది.

సూక్ష్మజీవుల గదిలోంచి కేన్సర్ మందు నడిచి వచ్చిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. 1940లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో నేలలోని సూక్ష్మజీవి నుంచి దొరికిన ఆక్టినోమైసిన్ బ్యాక్టీరియాను చంపింది గానీ జంతువులనూ బతకనివ్వలేదు. యాంటీబయాటిక్‌గా పనికిరాలేదు. అయితే పిల్లల మూత్రపిండాల కేన్సర్‌కు తర్వాత అదే ఆసరా అయింది. సిస్‌ప్లాటిన్ కథ మరీ చిత్రం. 1965లో మిషిగన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ ఇ. కోలై మీద విద్యుత్తు ప్రభావం చూద్దామని ద్రావణంలో ప్లాటినం కడ్డీలు పెట్టాడు. బ్యాక్టీరియాలు చావలేదు, చీలడం మానేసి దారాల్లా సాగిపోయాయి. విద్యుత్తు కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినం సమ్మేళనం అందుకు కారణమని తేలింది. పెరుగుదలను ఆపకుండా చీలికను మాత్రం ఆపే పదార్థం కేన్సర్‌ను ఏం చేస్తుందో చూద్దామని ఎలుకల గడ్డల మీద ప్రయోగించాడు, గడ్డలు కరిగాయి. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ అదే. పట్టికలో ‘చంపింది, చంపలేదు’ అని రెండు ముక్కల్లో రాసేసి ఉంటే ఆ దారాలు ఎవరి కంటా పడేవి కావు.

రెండో పట్టిక వెనకున్న పరీక్ష పేరు ఎంటీటీ. 1983లో టిమ్ మోస్‌మన్ ప్రతిపాదించాడు. 96 గుంటల ప్లాస్టిక్ పలకలో గుంటకు ఐదు నుంచి పదివేల కేన్సర్ కణాలు వేసి, ఒక రోజు అడుగుకు అతుక్కోనిస్తారు. తర్వాత రసాయనాన్ని వేర్వేరు గాఢతల్లో కలిపి రెండు మూడు రోజులు ఉంచుతారు. ఆ మీదట ఎంటీటీ అనే పసుపు రంగు వేస్తారు. బతికున్న కణంలోని ఎంజైములు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి, చచ్చిన కణం మార్చలేదు. నాలుగు గంటల తర్వాత ద్రవం తీసేసి, స్ఫటికాలను డీఎంఎస్ఓలో కరిగించి, 570 నానోమీటర్ల కాంతిలో రంగు చిక్కదనం చదువుతారు. పలక ఒక పక్క ముదురు ఊదాగా, గాఢత పెరిగేకొద్దీ లేతబారుతూ రెండో పక్కకు దాదాపు రంగులేకుండా తేలుతుంది. సగం రంగు మిగిలిన గాఢతే ఐసీ-50.

ఈ రంగును ఎప్పుడు నమ్మకూడదో తెలిస్తేనే పరీక్ష చేతికొచ్చినట్టు. కణాలేవీ లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చగల రసాయనాలున్నాయి, అవి చచ్చిన కణాలను బతికున్నట్టు చూపిస్తాయి. రసాయనానికే గాఢమైన రంగుంటే చదువు తప్పుతుంది. నీళ్లలో కరగక అడుగున మడ్డిలా పేరుకుంటే గుంటలో ఉన్న అసలు గాఢత ఎంతో ఎవరికీ తెలియదు. కణం చావకుండా మందకొడిగా మారినా రంగు తగ్గుతుంది. ఇవన్నీ పట్టుకోవడానికి కణాలు లేని గుంటలు, ద్రావణి మాత్రమే ఉన్న గుంటలు వేయాలి. అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు.

మనం చేసిన పసుపుపచ్చని ఛాల్కోన్ సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. దాని నడుమ ఒక ద్విబంధం, దాని పక్కనే కార్బొనిల్ ఉంటాయి. ఈ అమరిక గంధకం ఉన్న గుంపులను ఇట్టే పట్టుకుంటుంది. ప్రొటీన్లలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అలాంటి గుంపు ఉంటుంది. అందుకే ఛాల్కోన్ చాలా పరీక్షల్లో చురుగ్గా కనిపిస్తుంది: బ్యాక్టీరియా మీద, శిలీంధ్రం మీద, రొమ్ము కేన్సర్ మీద, ఊపిరితిత్తుల కేన్సర్ మీద. అన్నిటి మీదా పనిచేస్తోందని సంబరపడటానికి బదులు అక్కడే అనుమానపడాలి. 2010లో ఆస్ట్రేలియాలో జోనథన్ బెయిల్, జార్జినా హాలొవే ఇలా ఏ పరీక్ష పెట్టినా చురుకుదనం నటించే అణువుల నమూనాలను గుర్తించి జాబితా ఇచ్చారు. ఔషధ పరిశోధకులకు అది ఇప్పుడు నిత్యం వాడే జల్లెడ. అలా పట్టుకునే గుణమున్న అణువులన్నీ పనికిమాలినవని కాదు. కొన్ని మంచి కేన్సర్ మందులు సరిగ్గా ఆ గుణంతోనే, ఎంచుకున్న ఒక్క ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేస్తున్నాయి. ‘ఎంచుకున్న ఒక్క’ అన్నమాట నిజమని నిరూపించాలి, అంతే.

నిరూపించే మార్గాల్లో మొదటిది తేలికైనది: కేన్సర్ కణాల పక్కనే ఒక ఆరోగ్యమైన కణాన్నీ పెట్టి చూడటం. కేన్సర్ కణాన్ని 10 మైక్రోమోలార్ల దగ్గర, మంచి కణాన్ని 12 దగ్గర చంపితే అది మందు కాదు, విషం. 10కీ 200కీ తేడా కనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఈ నిష్పత్తి ఆలోచన పాతదే. సిఫిలిస్‌కు సల్వర్సాన్ కనిపెట్టిన పాల్ ఎర్లిక్ శతాబ్దం కిందటే రోగిని చంపే మోతాదుకూ రోగకారిని చంపే మోతాదుకూ మధ్య దూరం కొలవాలని పట్టుబట్టాడు. సల్వర్సాన్ కూడా మొదటి పరీక్షలో పనికిరాదని పక్కన పెట్టిన రసాయనమే. 1909లో జపాన్ నుంచి వచ్చిన సహచిరో హాతా సిఫిలిస్ సోకిన కుందేళ్ల మీద దాన్ని మళ్లీ పరీక్షించాకే దాని విలువ తెలిసింది.

నిరూపించే రెండో మార్గానికి జంతువు కావాలి, అందులోనూ ఆ జబ్బున్న జంతువు కావాలి. సుబ్బారావు బృందం ఫైలేరియాకు మందు వెతికినప్పుడు అమెరికాలో బోదకాలు రోగులు అరుదు. ఫైలేరియా జాతి పురుగులు సహజంగానే సోకే పత్తి ఎలుకలు ఉన్నాయి. రసాయనాలను వాటికి ఎక్కించి, రక్తంలో పురుగు పిల్లలు తగ్గుతున్నాయో లేదో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టారు. అలా 1947లో వచ్చిన హెట్రజాన్, అంటే డైఇథైల్ కార్బమజైన్, ఆంధ్ర, తెలంగాణల్లో బోదకాలు నివారణ కార్యక్రమంలో ఇంటింటికీ పంచుతూ వచ్చిన మాత్ర. రసాయనం ఎంత గొప్పదైనా, దాన్ని అడగాల్సిన ప్రశ్న సరిగా అడిగే జంతువు దొరక్కపోతే వృథా.

కొత్త రసాయనాల మీద ఈ శ్రమంతా ఇంకా ఎందుకని అడిగేవాళ్లకు బీదర్ దారి మీదే జవాబుంది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి మురుగుశుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. అంటే మిల్లీలీటరుకు 31 మైక్రోగ్రాములు. ఇందాక చెప్పిన ఎంఐసీ 0.016తో పోల్చి చూడండి. శుద్ధి చేశాక వదిలిన నీటిలో, మామూలు ఇ. కోలైని నిలవరించడానికి చాలేదానికి దాదాపు రెండువేల రెట్ల మందు! అటువంటి నీటిలో బతికే బ్యాక్టీరియాలు ఎలాంటివై ఉంటాయో ఊహించవచ్చు. ఆ అంకె వెలువడ్డాక దేశంలోనూ బయటా గొడవ జరిగింది, నిఘా పెరిగింది. కానీ మందుకు లొంగని బ్యాక్టీరియాలు ఆసుపత్రుల్లో నిండిపోయాయని ఏ వైద్యుడిని అడిగినా చెబుతాడు. పళ్లెంలో పోలికకు పెట్టుకునే మందే రోగి దగ్గర ఓడిపోతోంది.

అందుకే చిన్న కళాశాలల్లో జరిగే ఈ పనిని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పెద్ద కంపెనీల్లో చాలా భాగం యాంటీబయాటిక్ పరిశోధన నుంచి తప్పుకున్నాయి. వారం రోజులు వాడి మానేసే మందు మీద లాభం రాదు. కొత్త అణువులు ఎక్కడో ఒకచోట పుట్టాలి, పుట్టినవాటికి సరైన పరీక్ష జరగాలి. మిల్లీమీటర్లతో పాటు ఎంఐసీ ఇవ్వండి. ఆసుపత్రి నుంచి తెచ్చిన, మందుకు లొంగని రకం మీద కూడా చూడండి. కేన్సర్ పట్టికలో ఒక నిలువు వరసను మంచి కణానికి కేటాయించండి. పనిచేయని రసాయనాలను కూడా పట్టికలో ఉంచండి. వాటిని చూసి మరో ఊళ్లో మరో విద్యార్థి అదే అణువును మళ్లీ చేసే శ్రమ తప్పించుకుంటాడు, ఏ కొస మారిస్తే బలం పోతుందో నేర్చుకుంటాడు. ఈ నాలుగు పనుల్లో ఏదీ కుశనూర్‌కో కలబురగికో అందనంత ఖరీదైనది కాదు. కణాలను పెంచే వసతి లేనిచోట పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం లాంటి సంస్థల నుంచి సెల్ లైన్లు, అంటే ప్రయోగశాలలో పెంచుతూ వచ్చే కణాల రకాలు, తెప్పించుకుని, దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే ఆ సెల్ లైన్ నిజంగా దాని పేరున్నదేనా అని సరిచూడటం మానకూడదు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ గర్భాశయ ముఖద్వార కేన్సర్ నుంచి తీసిన హీలా కణాలు ఎంత చురుగ్గా పెరుగుతాయంటే, ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రయోగశాలల్లో ఇతర కణాల సీసాల్లోకి చొరబడి వాటి స్థానం ఆక్రమించాయి. ఊపిరితిత్తి కేన్సర్ అనుకుని హీలా మీద పరీక్ష చేసినవాళ్లున్నారు.